మా బీడు చేలో మూడు వేళ్ళ అడుగు: బట్టమేకేనా?

హగరి ఒడ్డు | శనివారం రాత్రి 9:20

అన్నలకు, అక్కలకు నమస్కారం. నేను ఇక్కడ చదివేవాణ్ణే గానీ రాసేవాణ్ణి కాదు. ఉద్యోగం బెంగళూరులో, ఊరు కర్నూలు జిల్లా పడమటి కొసన, కర్ణాటక పొలాలకు ఆనుకుని ఉంటుంది. ఊరి పేరు ప్రస్తుతానికి వద్దు.

మాకు ఆరెకరాల నల్లరేగడి బీడు ఉంది. బీడంటే ఊరికే పడి ఉన్నదని కాదు, వాన చూసుకుని చిత్తకార్తెలో శనగ వేస్తాం. అప్పటిదాకా అప్పుడప్పుడు గుంటక తోలి గడ్డి చంపుతుంటాం. మంగళవారం పొద్దున మా నాయన ఎద్దులకు గుంటక కట్టుకుని పోతే చేను నడిమధ్యన ఒక పెద్ద పిట్ట నిలబడి ఉందంట. "గొర్రెపిల్లంత ఉంది, మెడ తెల్లగా ఉంది, నెత్తిన నల్లటోపీ పెట్టుకున్నట్టు ఉంది, వీపు గోధుమరంగు" అన్నాడు ఫోన్లో. ఎద్దులను చూసి బెదరలేదంట. గట్టు మీద మా పక్క చేను ఆయన బైకు ఆపేసరికి మాత్రం అడుగులో అడుగేసుకుంటూ పక్క కందిచేలోకి దూరిపోయింది. బుధవారం మళ్ళీ అక్కడే ఉంది. ఈరోజు నేను వచ్చి సాయంత్రం దాకా కూర్చున్నా, నాకు కనబడలేదు.

మా జేజి ఒక్కమాటలో తేల్చేసింది: "బట్టమేక రా అది. మా చిన్నప్పుడు చేలల్లో మందలుగా తిరిగేవి." జేజికి కళ్ళు సరిగా కనబడవు, నాయన చెప్పింది విని అన్నమాట. నిజంగా ఆ అరుదైన పిట్టే (ఇంగ్లీషులో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) అయితే మేమేం చేయాలి? గుంటక తోలాలా, ఆపాలా?

కెమెరా సీను | రాత్రి 9:31

బ్రో!! లొకేషన్ పెట్టు. రేపు పొద్దున ఐదింటికల్లా అక్కడుంటా. 600 లెన్స్ ఉంది నా దగ్గర.

నిర్వాహకుడు | రాత్రి 9:34

ఎవరూ ఊరి పేరు, మ్యాపు గుర్తు పెట్టకండి. పెడితే తీసేస్తాను. హగరి ఒడ్డు, మీ పేరులోనే సగం అడ్రస్ ఉంది సామీ, ఆ మాట కూడా చూసుకోండి.

హగరి ఒడ్డు | రాత్రి 9:36

ఏటి ఒడ్డు పొడవునా ఊళ్ళే కదా అన్నా, వెతుక్కోనీ.

జువాలజీ సార్, నందికొట్కూరు | రాత్రి 10:15

నాయనా, తొందరపడి బట్టమేక అనేయకు, కాదని కూడా అనేయకు. ఇలాంటి ఫోన్లు నాకు ఏడాదికి రెండు మూడు వస్తాయి. వెళ్ళి చూస్తే ఒకసారి ఆడనెమలి, ఒకసారి తెల్లమెడ కొంగ. ఆ కొంగకూ మెడ తెల్లగా ఉండి నెత్తిన నల్లటోపీ ఉంటుంది. కానీ ఒళ్ళు నల్లగా నిగనిగలాడుతుంది, కాళ్ళు ఎర్రన, ముక్కు బారెడు. మీ నాయన వీపు గోధుమరంగు అన్నాడు, ముక్కు గురించి ఏమీ అనలేదు. ముక్కు అంత పొడుగ్గా ఉంటే రైతు మొదట చెప్పేది అదే.

ఒక పని చెయ్యి. ఈ వారం మీ వైపు వాన పడిందిగా. రేగడి మన్ను తడిమీద అడుగులను అచ్చు పోసినట్టు పట్టుకుంటుంది. పక్షి నిలబడిన చోటికి కాకుండా అది నడిచి వెళ్ళిన దారి పక్కన వెతుకు. ముందుకు మూడు వేళ్ళు ఎలాగూ ఉంటాయి. వెనకవేలు గుర్తు ఉందా లేదా, అదొక్కటే చూడు. నెమలికి ఉంటుంది, కొంగకు ఉంటుంది. బట్టమేకకు వెనకవేలు లేనే లేదు. చెట్టెక్కని పిట్ట, కొమ్మను పట్టుకునే పని దానికి లేదు.

పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫొటో తియ్యి. నడుచుకుంటూ దగ్గరికి వెళ్ళొద్దు. ఎద్దుల వెనకాల వెళ్ళు.

మిడుతూరు రైతు | రాత్రి 11:02

నేనొక మాట చెప్తా, చేదుగా ఉంటది. తమ్ముడూ, ఎవరికీ చెప్పొద్దు. గుంటక తోలుకో, శనగ వేసుకో, మూసుకుని కూర్చో.

మాది రోళ్ళపాడు పక్కనే. 1988లో బట్టమేక కోసమే అభయారణ్యం పెట్టారు, 614 హెక్టార్లు. గడ్డి బాగా పెరిగింది, కాదనను. గడ్డి పెరిగితే ఏమొచ్చింది? కృష్ణజింకలు. మొదట పదులు, తర్వాత వందలు. రాత్రి కంచె దాటి వచ్చి శనగ మొలకను మేసిపోతాయి. మా నాయన, నేను వంతులేసుకుని మంచె మీద కాపలా పడుకున్నాం. నష్టపరిహారం కోసం కాగితాలు పట్టుకుని ఒక ఆఫీసు చుట్టూ మూడు చలికాలాలు తిరిగా, వచ్చింది బస్సు ఛార్జీలకు చాలలేదు. ఎవరి కోసం ఇదంతా అంటే బట్టమేక కోసం. ఆ బట్టమేక మాత్రం ఏది? నా కొడుకు పుట్టాక ఒక్కసారి కూడా చూడలేదు.

జువాలజీ సార్, నందికొట్కూరు | రాత్రి 11:20

రెడ్డీ, నీ మాటలో అబద్ధం లేదు. నేను రోళ్ళపాడుకు మొదటిసారి సైకిల్ మీద పోయింది 80ల్లోనే. బొంబాయి నుంచి పక్షుల వాళ్ళు వచ్చి అక్కడే గుడిసె వేసుకుని చూసేవాళ్ళు. ఒక ఉదయం మగపక్షి మెడ కింద తిత్తి ఊదుకుని నేలదాకా వేలాడేసుకుని, తోక వీపు మీదకి ఎత్తి అరవడం చూశా. "హూమ్" అని, కుండలో నోరు పెట్టి మూలిగినట్టు. అంత దూరం నుంచి కూడా గుండెకు తగిలింది. ఆ పిట్ట పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో అంత బరువైనవి ప్రపంచంలోనే కొన్ని.

అది పోవడానికి నువ్వు కారణం కాదు, జింక కూడా ఒక్కటే కారణం కాదు. ఆ 614 హెక్టార్లు దానికి పెరడు లాంటిది. అది బతికింది బయట, మీ జొన్న చేలల్లో, కొర్ర చేలల్లో, బీళ్ళలో. కాలవ నీళ్ళు వచ్చాయి, జొన్న పోయి పత్తి, పొగాకు, పొద్దుతిరుగుడు వచ్చాయి. పురుగుమందు వచ్చింది, మిడత పోయింది. మిడత లేని చేలో దాని పిల్లకు ఏం పెడుతుంది? మనం పెరటికి కంచె వేసి ఇల్లు అమ్ముకున్నాం.

సోమందేపల్లి గౌతమ్ | రాత్రి 11:41

రోళ్ళపాడు ఇప్పుడు నంద్యాల జిల్లా అండీ, 2022 ఏప్రిల్ నుంచి. కర్నూలు అనకండి.

మిడుతూరు రైతు | రాత్రి 11:43

జింకలకు చెప్పు ఆ సంగతి.

హగరి ఒడ్డు | ఆదివారం ఉదయం 8:10

ఫొటో నిర్వాహకుడికి పంపించా, ఆయన సార్‌కి పంపుతానన్నాడు. నాలుగు అడుగులు దొరికాయి. మూడు వేళ్ళే, వెనక ఏమీ లేదు. అగ్గిపెట్టె కంటే పెద్దగా ఉంది. వేళ్ళు మొద్దుగా, పొట్టిగా, ఒంటె అడుగులాగా లావుగా ఉన్నాయి. నాయన చేత్తో తడిమి చూసి "నెమలిది కాదు" అన్నాడు. నెమళ్ళు మా వంకలో చాలా ఉన్నాయి, వాటి అడుగు ఆయనకు తెలుసు.

జువాలజీ సార్, నందికొట్కూరు | ఉదయం 9:05

చూశాను. ఫొటో మీద ప్రమాణం చేసి చెప్పలేను గానీ, నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

అసాధ్యమేమీ కాదు. మీ పొలాల అవతల బళ్ళారి జిల్లా సిరుగుప్ప వైపు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి, వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. పిట్టకు రాష్ట్రం సరిహద్దు తెలియదు.

ఇక గుంటక సంగతి. ఇది పుబ్బకార్తె. బట్టమేక గుడ్డు పెట్టే కాలం వానాకాలమే. గూడంటూ ఏమీ కట్టదు, నేల మీదే పెడుతుంది, అదీ ఒకే ఒక్క గుడ్డు. మన్ను రంగులో మచ్చలతో ఉంటుంది, కాలి కింద పడేదాకా కనబడదు. పొదగడానికి దగ్గరదగ్గర 27 రోజులు. రెండు రోజులు ఒకేచోట కనబడిందంటే గుడ్డు ఉందని కాదు, లేదనీ కాదు.

చిలమత్తూరు చింతచెట్టు | ఉదయం 10:30

ఇది చదివి నేను కూడా ఒక మాట రాయాలనిపించింది. మా పక్క ఊరు వీరాపురం. హిందూపురం, లేపాక్షి వైపు వచ్చినవాళ్ళకు తెలిసే ఉంటుంది. సంక్రాంతి వేళకు రంగురంగుల పెద్ద కొంగలు వస్తాయి, పెయింటెడ్ స్టార్క్ అంటారు. ఊరి మధ్య చింతచెట్ల మీదే గూళ్ళు పెడతాయి. కింద ఇళ్ళు, అరుగులు, పాలు పిండే గేదెలు, పైన కొంగ పిల్లల అరుపులు. రెట్ట వాసన గురించి చెప్పను, బంధువులు వస్తే ముక్కు మూసుకుంటారు. అయినా ఆ ఊళ్ళో కొమ్మ నరకరు. కొంగలు రావడం ఆడపడుచు పురిటికి పుట్టింటికి వచ్చినట్టు అంటారు. గూట్లోంచి పిల్ల పడిపోతే ఇంట్లోకి తెచ్చి చేపముక్కలు పెట్టినవాళ్ళను నేను చూశా.

మిడుతూరు అన్నా, మాకు ఎవరూ కంచె వేయలేదు, అందుకేనేమో. కానీ ఒప్పుకోవాల్సిన మాట ఒకటుంది. కొంగ మా పంట తినదు. చెరువులో చేప తింటుంది. దాన్ని ప్రేమించడం మాకు తేలిక.

మిడుతూరు రైతు | ఉదయం 10:48

అదమ్మా మాట. ఆ ఒక్క వాక్యం మీటింగుల్లో ఎవరూ అనరు.

మంద, అనంతపురం | ఉదయం 11:15

మాది కురుబల ఇల్లు, గొర్రెలు మూడు వందలు. నేను ఇప్పుడు పీజీ చదువుతున్నా. పక్షుల మీటింగు ఎక్కడ పెట్టినా గొర్రెలవాళ్ళదే తప్పు అంటారు. మా తాత చెప్పేవాడు, బట్టమేక మందను చూసి పారిపోయేది కాదట. గొర్రెల కాళ్ళకు మిడతలు లేస్తాయి కదా, వాటి కోసం వెనకాలే నడిచేదట. గడ్డి నడుముదాకా పెరిగితే దానికి నచ్చదు, మేపి కాస్త పొట్టిగా ఉంటే నచ్చుతుంది. మందను మొత్తం ఆపేస్తే గడ్డి ముదిరి తుప్పయి కూర్చుంటుంది. మందను ఎక్కువగా తోలితే గుడ్డు పోతుంది. ఆ మధ్య కొలత మా తాతకు తెలుసు, బోర్డులు పాతేవాళ్ళకు తెలియదు.

ఒక్కటి మాత్రం మా తప్పే. కుక్కలు. మంద కుక్క నేలమీద గుడ్డును వదలదు. హగరి అన్నా, మీ చేలో మంద ఆపించుకునే అలవాటు ఉంటే ఈ నెల కుక్కలు లేకుండా తోలమను. ఊరకుక్కలు అంతకంటే ప్రమాదం, చచ్చిన కోళ్ళను వంకలో పడేయడం ఆపండి, వాటి కోసమే కుక్కలు చేలకు వస్తాయి.

జువాలజీ సార్, నందికొట్కూరు | ఉదయం 11:29

అబ్బాయీ, నీ తాతను నేను కలవాల్సింది.

కెమెరా సీను | మధ్యాహ్నం 12:40

అందరూ నన్ను విలన్‌లాగా చూస్తున్నారు. ఒక్క మంచి ఫొటో ఉంటేనే కదా ప్రపంచం నమ్మేది? దేశం మొత్తంలో నూట యాభై కూడా లేవంటున్నారు, రాజస్థాన్ ఎడారిలోనే ఎక్కువ. మన సీమలో ఒకటి ఉందని తెలిస్తే నిధులు వస్తాయి. ఫొటో లేకుండా ఎవరు పట్టించుకుంటారు?

లంకమల, బద్వేలు | మధ్యాహ్నం 1:30

సీనూ, నీకు మా కలివికోడి కథ చెప్తా, తర్వాత లెన్స్ ఎత్తు.

1848లో దాని గురించి మొదట రాశారు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, ఇక లేదనే అనుకున్నారు. ఎనభై ఆరేళ్ళు! పక్షుల వాళ్ళు కడప ఊళ్ళలో బొమ్మలున్న పోస్టర్లు పంచారు. చివరికి 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర రాత్రిపూట టార్చి వెలుగులో ఒక స్థానిక వేటగాడు దాన్ని పట్టుకున్నాడు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకు దొరకనిది అడవిలో తిరిగే మనిషికి దొరికింది. ఆ పిట్ట మాత్రం బతకలేదు. పాపం, ఎవరూ చంపాలని చంపలేదు.

ఆ తర్వాత లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలవ దారి మార్చాల్సి వచ్చింది. దాని కూతను రికార్డు చేసి వినిపించడం, దారిలో మెత్తటి మన్ను పరిచి అడుగులు చూడటం, రాత్రిళ్ళు కెమెరాలు కట్టి వదిలేయడం, ఇవన్నీ దగ్గరికి పోకుండా దాన్ని తెలుసుకునే దారులు. దానికీ వెనకవేలు ఉండదు, సార్ చెప్పినట్టు అడుగే సాక్ష్యం. నీ ఫొటో కోసం ఈ బట్టమేక రెండు వందల గజాలు ఎగిరిందనుకో, ఆ పది నిమిషాల్లో కాకి గుడ్డును తినేస్తుంది.

కెమెరా సీను | మధ్యాహ్నం 1:44

సరే సరే. రాను.

(కానీ తర్వాత పిలవండి.)

లైన్‌మన్ | మధ్యాహ్నం 2:20

నేను కరెంటు పని చేసేవాణ్ణి, పేరు, ఊరు అడక్కండి. హగరి తమ్ముడూ, మీ చేను మీదుగా 11 కేవీ లైను పోతోందా? ఎన్ని తీగలు, స్తంభాల మధ్య వేలాడుతున్నాయా? బోర్లకు లాగిన లైన్లు కొన్నిచోట్ల చేత్తో అందేంత కిందకి జారి ఉంటాయి.

ఎందుకు అడుగుతున్నానంటే బట్టమేకకు కళ్ళు పక్కలకు ఉంటాయి, ఎదురుగా ఉన్నది సరిగా కనబడదు అని ట్రైనింగ్‌లో చెప్పారు. ఒళ్ళు బరువు కాబట్టి చివరి నిమిషంలో పక్కకు తిరగలేదు. రాజస్థాన్‌లో తీగల మీదే సుప్రీంకోర్టులో పెద్ద కేసు. 2021లో లైన్లను భూమిలో పాతమన్నారు, 2024లో ఆ ఉత్తర్వును మార్చి నిపుణుల కమిటీ వేశారు. సోలార్ కూడా కావాలి, పిట్ట కూడా కావాలి, అదీ పంచాయితీ. మన గని శకునాల దగ్గరే వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది కదా, అక్కణ్ణుంచి ఎన్ని లైన్లు పోతున్నాయో తలెత్తి చూడండి.

తీగలకు మెరిసే బిళ్ళలు కడతారు, డైవర్టర్లు అంటారు. తమ్ముళ్ళు ఉత్సాహపడి పాత సీడీలు, వెండి కాగితాలు మీరే కట్టొద్దు. లైన్ క్లియర్ (కరెంటు ఆపినట్టు అనుమతి) తీసుకోకుండా ఎవరు స్తంభం ఎక్కినా మర్నాడు మేము వచ్చేది శవాన్ని దించడానికే. అర్జీ పెట్టండి, సర్పంచు సంతకంతో.

హగరి ఒడ్డు | రాత్రి 8:50

లైను ఉంది అన్నా, చేనుకు తూర్పున. అర్జీ రేపు రాస్తా.

ఇంట్లో పెద్ద గొడవ. నాయన గుంటక ఆపేద్దామంటున్నాడు. చిన్నాన్న వద్దంటున్నాడు. "ఆఫీసర్లకు తెలిస్తే బోర్డు పాతుతారు, మన చేను మనకు ఉండదు, రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది, ఆడపిల్ల పెళ్ళికి అమ్ముకోవాలన్నా కుదరదు" అని. ఆయన మాట తీసిపారేయడానికి నాకు ధైర్యం లేదు. సార్, అలా జరుగుతుందా?

జువాలజీ సార్, నందికొట్కూరు | రాత్రి 9:40

మీ చిన్నాన్న భయపడటానికి కారణం ఉంది. మహారాష్ట్రలో షోలాపూర్ దగ్గర నానజ్ అని ఉంది, 1979లో బట్టమేక కోసం పెట్టారు. కాగితం మీద ఎనిమిది వేల చదరపు కిలోమీటర్లు దాటి గీత గీశారు. అందులో ఊళ్ళు, పొలాలు, రోడ్లు, అన్నీ. జనం ఇల్లు కట్టుకోవాలన్నా అడ్డమే. పిట్ట పేరు చెబితే పళ్ళు నూరేవాళ్ళు. చాలా ఏళ్ళ తర్వాత దాన్ని పన్నెండు వందల చదరపు కిలోమీటర్ల చిల్లరకు తగ్గించారు. మధ్యప్రదేశ్‌లో కరేరా ఇంకా ఘోరం. అక్కడ భూమి అమ్ముకోలేక రైతులు పిట్ట మీద పగబట్టారు, 90ల్లోనే పిట్ట కనబడకుండా పోయింది. పక్షి పోయింది, అభయారణ్యం మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి మిగిలింది.

కానీ ఒక్క పిట్ట మీ చేలో కాలు పెట్టినంత మాత్రాన భూమి పోదు. అభయారణ్యం ప్రకటించడానికి పెద్ద తతంగం ఉంది, హక్కుల విచారణ ఉంది. ఇంకో దారి కూడా ఉంది. 2002లో వన్యప్రాణి చట్టాన్ని సవరించినప్పుడు కమ్యూనిటీ రిజర్వ్ అని తెచ్చారు. భూమి మీదే ఉంటుంది, మీరే ముందుకొస్తేనే అవుతుంది, కమిటీలో మీరే కూర్చుంటారు.

మిడుతూరు రైతు | రాత్రి 9:58

సార్, మొత్తం చెప్పండి. భూమిని ఇంకో పనికి మార్చుకోవాలంటే?

జువాలజీ సార్, నందికొట్కూరు | రాత్రి 10:06

కమిటీ తీర్మానం, ప్రభుత్వ అనుమతి రెండూ కావాలి. దాచలేదు రెడ్డీ, చెప్పబోతున్నా.

మిడుతూరు రైతు | రాత్రి 10:09

ఆ ముక్క ముందే చెప్పాలి. రైతు సంతకం పెట్టాక చెప్తే మళ్ళీ కరేరానే.

జువాలజీ సార్, నందికొట్కూరు | రాత్రి 10:15

ఒప్పుకున్నా. అందుకే హగరి అబ్బాయికి నా సలహా చిన్నది. ఇప్పుడు చట్టాల జోలి వద్దు. ఆరెకరాల్లో పిట్ట కనబడిన చోటు చుట్టూ ఒక అరెకరా హస్తకార్తె దాకా వదిలెయ్యి. మిగతా అయిదున్నర తోలుకో, ట్రాక్టర్ కాకుండా ఎద్దులతో. పాతకాలపు వేటగాళ్ళు బట్టమేక దగ్గరికి ఎద్దులబండిలోనే పోయేవాళ్ళు. మనిషి నడిచి వస్తే పారిపోయే పిట్ట ఎద్దులను పట్టించుకోదు. దాన్ని చంపిన ఉపాయమే ఇప్పుడు దాన్ని కాపాడనీ.

అటవీ అధికారికి ఒక మాట చెప్పడం మంచిదే, దాచిపెడితే రేపు ఏదైనా జరిగితే మీ మెడకే చుట్టుకుంటుంది. వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉన్న షెడ్యూల్ 1 పక్షి, జైలు మాట. నేను తెలిసినవాళ్ళ ద్వారా మాట్లాడతా, ఊరి పేరు మీరు చెప్పమన్నప్పుడే చెప్తా.

చిలమత్తూరు చింతచెట్టు | రాత్రి 10:22

అరెకరా శనగ అంటే వాళ్ళకు ఎంత పోతుంది? అది ఎవరు భరిస్తారు? ఆ మాట ఇక్కడ ఎవరూ ఎత్తడం లేదు.

మంద, అనంతపురం | రాత్రి 10:30

అక్కా, మధ్యప్రదేశ్‌లో సైలానా అని ఉంది. బట్టమేక జాతిదే ఇంకో చిన్న పిట్ట ఉందిలే, ఖర్‌మోర్ అంటారు, రోళ్ళపాడుకు కూడా వచ్చేది. దాని గూడు కనబడిందని చెప్పి కాపాడిన రైతుకు అక్కడ నగదు ఇచ్చే పథకం పెట్టారు. మా ప్రొఫెసర్ చెప్పింది.

మిడుతూరు రైతు | రాత్రి 10:37

ఆ డబ్బు పంట కోతకు ముందు రావాలి. తర్వాత వస్తే అది బహుమతి, ముందు వస్తే అది కౌలు. రైతుకు కౌలు కావాలి.

హగరి ఒడ్డు | సోమవారం రాత్రి 9:15

నాయన తేల్చేశాడు. అరెకరా చుట్టూ నాలుగు వేపకొమ్మలు పాతాడు. చిన్నాన్న అలిగి అన్నం తినలేదు. జేజి "వాడు చిన్నప్పుడూ ఇంతే" అంది.

హగరి ఒడ్డు | 12 రోజుల తర్వాత, శనివారం రాత్రి 7:40

ఎవరైనా ఎదురుచూస్తుంటే క్షమించండి, చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మొదటి వారంలో నాయనకు ఇంకో రెండుసార్లు కనబడింది. ఒకసారి రేగుపొద దగ్గర, ఒకసారి వానలో అరెకరా మధ్యలో, మెడ లోపలికి ముడుచుకుని. తర్వాత లేదు. సార్ చెప్పిన మనిషి ఒకరు యూనిఫాం లేకుండా వచ్చి, గట్టు మీద కూర్చుని, టీ తాగి, అడుగుల ఫొటోలు చూసి వెళ్ళారు. బోర్డులేమీ పాతలేదు. చిన్నాన్న ఆయన వెళ్ళేదాకా వాముదొడ్డి దగ్గర నిలబడి చూశాడు.

లైన్ అర్జీ సర్పంచు సంతకంతో ఇచ్చాం. జవాబు లేదు.

లైన్‌మన్ | రాత్రి 8:05

రసీదు తీసుకున్నావా? తీసుకోకపోతే ఇచ్చినట్టే కాదు.

హగరి ఒడ్డు | రాత్రి 8:07

తీసుకోలేదు అన్నా...

లైన్‌మన్ | రాత్రి 8:08

మళ్ళీ వెళ్ళు.

హగరి ఒడ్డు | చిత్తకార్తె, ఆదివారం సాయంత్రం 5:30

నిన్న శనగ వేశాం. హస్త దాటాక నాయన ఒంటరిగా ఎద్దులు తోలుకుని అరెకరాలోకి పోయి అంతా వెతికాడు. గుడ్డూ లేదు, పెంకూ లేదు. ఒక ఈక దొరికింది, అరచేయంత, గోధుమరంగు మీద సన్నటి నల్ల గీతలు. ఈక దగ్గర పెట్టుకోవడం కూడా తప్పేనని సార్ అన్నారు, అందుకే ఫొటో తీసి అక్కడే మన్నులో వదిలేశాడు. జేజి మాత్రం దాన్ని ఒకసారి చేత్తో తడమాలని అడిగింది. తేలేదు అని చెబితే చాలాసేపు మాట్లాడలేదు.

విత్తనం వేయడానికి వచ్చిన ట్రాక్టర్ డ్రైవర్ వేపకొమ్మల చుట్టూ తిప్పాల్సి వచ్చిందని రెండు వందలు ఎక్కువ అడిగాడు. అరెకరా అలాగే వదిలేశాం కదా, దున్నని నేలలో ఎలాగూ వేయలేం. నాయన రెండు వందలు ఇచ్చి, డ్రైవర్‌కు పిట్ట సంగతి మొత్తం చెప్పాడంట. ఊరంతా తెలిసినట్టే ఇక. పక్క చేను ఆయన, ఆ బైకు ఆయన, మా బీడులో కూడా మొన్న ఏదో అడుగు చూశానని మొదలుపెట్టాడు. నిజమో, పోటీయో.

నాయన ఒకటి అడగమన్నాడు. ఆ అరెకరాలో వచ్చే ఏడు శనగకు బదులు జొన్న వేస్తే అది వస్తుందా అని. మా ఊళ్ళో పాత జొన్న విత్తనం ఎవరి దగ్గరా లేదు.

జువాలజీ సార్, నందికొట్కూరు | సాయంత్రం 6:10

వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు. జొన్న కోసిన మోడు, పక్కన బీడు, మందు కొట్టని నేల. దానికి ఇష్టమైన చోటు అదే, అంతవరకే చెప్పగలను.

మిడుతూరు రైతు | రాత్రి 9:25

పచ్చజొన్న నా దగ్గర ఉంది. మా అమ్మ వేపాకు వేసి కుండలో దాచింది, జింకలు మేయగా మిగిలింది. అయిదు కిలోలు కడతా. కర్నూలు బస్సులో వేస్తా, బస్టాండులో ఎవరైనా దించుకోండి. నెంబరు నిర్వాహకుడి దగ్గర పెట్టండి, ఇక్కడ రాయొద్దు.